సోడాలో ఉడికించిన దూది

ఆళ్లగడ్డ,
4-2-1979

తమ్ముడు నూర్ మహమ్మద్‌కు అన్న లాల్ సాహెబ్ దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ వదిన మాబూబీకి మోకాలి నొప్పి తగ్గింది గానీ నోరు తగ్గలేదు. నీ దగ్గర నుంచి రెండు నెలలుగా కార్డు ముక్క కూడా లేదు. కాలేజీలో అటెండరు పనంటే కలెక్టరు పనంత ఉంటుందని నాకు తెలియదు. నంద్యాల నుంచి గంటన్నర బస్సు ప్రయాణం. రాలేనివాడివి ఉత్తరమైనా రాయొచ్చు కదా.

సరే, అసలు సంగతికి వస్తాను. పోయిన వారం మన వీధి చివర నరసమ్మ బావిలో ఘోరం జరిగింది. బావి లోపల మెట్ల మీద ఆయిల్ ఇంజను దించి పెట్టారు కదా, దానికి డీజిల్ పోస్తుంటే ఆమె కొడుకు చేతిలోంచి డబ్బా జారి నీళ్లలో పడింది. నిండు డబ్బా. పొద్దున చూస్తే నీళ్లంతా రంగురంగుల తెట్టు. వీధంతా తాగేది ఆ నీళ్లే. బకెట్లతో ఎంత తోడినా వాసన పోలేదు. నరసమ్మ గట్టు మీద కూర్చుని ఏడుస్తోంది.

నేను అప్పుడే మన పరుపుల అంగట్లో చెత్త గంప నెత్తిన పెట్టుకుని దిబ్బకు పోతున్నాను. ఆఖరి ఏరుడు పత్తి, పురుగు తిన్నది, సగం విచ్చిన కాయల్లోది. మిల్లు వాళ్లు కొనరు, రైతులు గట్ల మీద పారేస్తారు. పరుపుల అడుగున వేద్దామని రెండు బస్తాలు తెస్తే, ఏకబోతే దూదేకే విల్లు నారి తెగేటట్టుంది. పారేద్దామని పోతూ బావిలోకి తొంగి చూశాను. గాలికి కొంత పత్తి ఎగిరి నీళ్లలో పడింది. నరసమ్మ లేచింది నా మీదికి. "కండ్లు కనపడల్యా సాయిబూ? ఉండే గబ్బు చాలదని ఇంకో గబ్బు పోస్తాండావే!"

నేను తిట్లు పడుతూ నీళ్లకేసే చూస్తున్నాను. పత్తి మునగలేదు. తేలుతూ నల్లబడుతోంది. దాని చుట్టూ రంగులు పోయి నీళ్లు తేటగా కనపడుతున్నాయి. గంపంతా కుమ్మరించాను. తర్వాత పాత దోమతెరలో పత్తి కుక్కి, రెండు పక్కలా తాళ్లు కట్టి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు లాగాం. పైకి తీసి పిండితే డీజిల్ డబ్బాలోకి కారింది! మళ్లీ వేశాం, మళ్లీ పిండాం. రెండు రోజులు అదే పని. మూడో రోజు నరసమ్మ చెంబెడు నీళ్లు తాగి "వాసన లేదప్పా" అంది.

నాకు నలభై ఏళ్లు వచ్చాయి. పరుపు మెత్తగా ఉందన్నవాళ్లు ఉన్నారు గానీ, నువ్వు తెలివైనవాడివి అన్నవాళ్లు ఇంతవరకూ లేరు. ఈ వారమంతా వింటున్నాను. బాగుంది.

ఈ సంగతి మీ లెక్చరరుకు చెప్పు. చదువుకున్నవాళ్లకు ఇది తెలుసో లేదో కనుక్కుని రాయి. మరదలు రహమత్‌బీకి మా దీవెనలు.

లాల్ సాహెబ్

*

నంద్యాల,
14-2-1979

అన్నకు తమ్ముడు నూర్ సలాం చేసి రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన రోజే సుందరరాజు సార్‌కు చదివి వినిపించాను. సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఓడలు మునిగి సముద్రంలో నూనె పడితే విదేశాల్లో ఎండుగడ్డి వేసి తీశారని పుస్తకాల్లో ఉందట. పురుగు పత్తి మాట మాత్రం తాను ఎక్కడా చదవలేదన్నాడు. మరుసటి రోజే ఒక బస్తా తెప్పించాడు. గాజు తొట్టిలో నీళ్లు, పైన లారీ ఇంజన్లోంచి తీసిన పాత ఆయిలు. వరి ఊక వేశాం, వేరుశనగ పొట్టు వేశాం, కొర్ర పొట్టు వేశాం. అవీ కొంత పీల్చాయి గానీ కాసేపటికి బరువెక్కి కిందికి దిగాయి. పత్తి మాత్రం తన బరువుకు ఇరవై రెట్లు ఆయిలు తాగి కూడా తేలుతూనే ఉంది. నేను చిటికెడు తీసి విప్పి వేస్తుంటే సార్ "నూర్, ఇది నువ్వే చెయ్యి. నీ చేతికి పత్తి తెలుసు" అన్నాడు. ఎనిమిదేళ్లుగా ఆ గదిలో సీసాలు కడుగుతున్నాను. అందరి ముందూ ఆ మాట అనేసరికి ఏదోలా అయింది.

ఇది కనిపెట్టింది మా అన్న అని చెప్పాను. "మీ అన్న చదువుకోలేదా?" అని అడిగాడు. లేదన్నాను. "అయ్యో" అన్నాడు.

నెలాఖరులో ఇక్కడ సైన్సు ఎగ్జిబిషన్ ఉంది. సార్ దీన్ని పెడుతున్నాడు. తొట్టి దగ్గర నిలబడేది నేనే. తెల్లకోటు కుట్టించుకోమన్నాడు సార్. రహమత్ నవ్వుతోంది, "కోటు ఏస్తే కంపౌండర్ మాదిరి ఉంటావ్" అని. నీకు వీలైతే ఒక పూట వచ్చి చూసిపో. వదిన మోకాలికి ఆముదం కాచి రుద్దమని చెప్పు.

నీ తమ్ముడు
నూర్ మహమ్మద్

*

ఆళ్లగడ్డ,
6-3-1979

మహారాజశ్రీ నూర్ మహమ్మద్ గారి దివ్య సముఖానికి, ఆళ్లగడ్డలో పరుపులు కుట్టుకునే ఒక చదువురానివాడు రాసుకుంటున్నది.

నిన్న టీ అంగట్లో కృపావరం పేపరు చదువుతూ కేక వేశాడు. "ఏందప్పా లాల్ సాబూ, మీ తమ్ముడు సైంటిస్టు అయినాడే! చెప్పనే లేదు?" పేపరు నా ముందు పరిచాడు. ఫోటో ఉంది. తొట్టి ఉంది. మీ సార్ ఉన్నాడు. పక్కనే తెల్లకోటుతో నువ్వు, మెడ నిక్కించుకుని. బడికి పోకపోయినా చదవడం, రాయడం సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. మూడు మాట్లు చదివాను. "పనికిరాని పత్తితో నూనె నీటికి శుద్ధి. నంద్యాల అధ్యాపకుని ప్రయోగం. సహకరించినవారు నూర్ మహమ్మద్." అంతే. ఆళ్లగడ్డ అనే మాట లేదు. నరసమ్మ బావి లేదు. లాల్ అనే మాట లేదు.

టీ సల్లారిపోయింది. తాగకుండా లేచి వచ్చాను.

నీకు రాసింది మీ సార్‌కు తెలుసో లేదో కనుక్కోమని. కోటు కుట్టించుకోమని కాదు. నువ్వు రాసిన ఉత్తరం మళ్లీ తీసి చూశాను. అందులో ఎటు చూసినా సార్, సార్, సార్. అన్న అని రాసింది మూడు చోట్ల. అందులో ఒక చోట "చదువుకోలేదు" అని.

మీ వదిన ఆ పేపరు కత్తిరించి వీధంతా తిప్పింది. "మా మరిది" అంటూ చూపిస్తోంది. "ఆ పత్తి పారేసింది నేనే కదే" అంటే, "పారేసేది ఎవురైనా పారేస్తారు" అంది. ఇంట్లో మనిషే అట్లా అంటే బయటివాళ్లను ఏమనాలి?

కుళ్లు అంటావా? అవును, కుళ్లే. దాచుకునేదేముంది. నాయన నిన్ను బడికి పంపిన రోజు నేను ఆ దుమ్ములో కూర్చుని విల్లు పట్టుకున్నాను. అప్పటినుంచి దగ్గుతున్నాను. దాని గురించి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. బడి నీది, పత్తి నాది అని సర్దుకున్నాను. ఇప్పుడు పత్తి కూడా నీదే అయిపోతే ఇక నాకేం మిగిలింది?

జవాబు రాయాలని లేకపోతే రాయొద్దు. పని ఉంటుంది కదా.

లాల్ సాహెబ్

*

నంద్యాల,
12-3-1979

అన్నా, సలాం.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. పేపరాయన వచ్చినప్పుడు నీ పేరు, మన వీధి పేరు, నరసమ్మ బావి, అన్నీ చెప్పాను. ఆయన రాసుకున్నాడు కూడా. చోటు చాలక కత్తిరించారట. దానికి నేనేం చేయగలను?

అయినా పేపర్లో పేరు పడితే ఏమొస్తుంది అన్నా. మరుసటి రోజు పొద్దున్నే మళ్లీ సీసాలు కడగడానికే పోయాను. కోటు సార్ బీరువాలో పెట్టేశారు. నాది ఇప్పటికీ టెంపరరీ పనే. నీకైనా సొంత అంగడి ఉంది. నాయన కూర్చున్న చోట కూర్చుని, నాయన పట్టిన విల్లు పడుతున్నావు. ఊళ్లో ఎవరు పరుపు కుట్టించుకోవాలన్నా నీ దగ్గరికే వస్తారు. నా దగ్గరికి ఎవరూ రారు. గంట కొడితే నేనే పోవాలి.

కోపం పెట్టుకోకు. ఎగ్జిబిషన్‌లో తీసిన ఫోటో కాపీ ఒకటి సార్ ఇచ్చాడు. అద్దం కట్టించి, నీకు తెలిసిన బస్సు కండక్టరు ఇస్సాకు చేతికిచ్చి పంపుతున్నాను. ఇది నీదే అనుకుని ఇంట్లో పెట్టుకో.

నూర్

*

(కార్డు)

ఆళ్లగడ్డ,
17-3-1979

ఫోటో చేరింది. అద్దం పగల్లేదు, ఇస్సాకు బస్సు నిదానంగానే నడిపించినట్టున్నాడు. ఇంట్లో మేకు లేదన్నాను. మీ వదిన పోయి మేకు తెచ్చి, విల్లు తగిలించే గోడకే కొట్టింది. పొద్దున లేచింది మొదలు నీ మొహం చూస్తూ దూది ఏకుతున్నాను. ఫోటోలో నీ చేతిలో ఉన్న పత్తి నాది. అది ఒక్కటే గుర్తుపట్టాను. మరేం విశేషాలు లేవు.

లా. సా.

*

నంద్యాల,
2-4-1979

అన్నకు సలాం. వదినకు సలాం.

నీ కార్డుకు జవాబు రాయడానికి కూర్చున్నది కాదు ఇది. ఇక్కడ పెద్ద చిక్కు వచ్చింది.

మా వీధి బావి నీకు తెలుసు. ముప్పై ఇళ్లకు అదొక్కటే. బావి ఉండే స్థలం లారీ షెడ్డు ఓబయ్యది. షెడ్డు వెనక డ్రమ్ముల్లో పోసి పెట్టిన పాత ఆయిలు, డ్రమ్ములు తుప్పు పట్టి, కారి కారి కాలవలో పడి బావిలోకి దిగింది. బొక్కెన వేస్తే నల్లటి జిగురు వస్తోంది. ఓబయ్య దానికి బాధపడకపోగా సంతోషంగా ఉన్నాడు. "తాగనీకి పనికిరాని బాయి ఉంటే ఎంత, పోతే ఎంత? పూడ్చి షెడ్డు పెంచుకుంటా" అంటున్నాడు. రహమత్ రోజూ రైలు గేటు అవతలి పంపుకు పోయి నాలుగు బిందెలు మోసుకొస్తోంది. ఎండలు ఇంకా ముదరనే లేదు.

సుందరరాజు సార్‌ను తీసుకొచ్చి చూపించాను. సార్ వీధి జనం ముందే ఓబయ్యతో మాట్లాడాడు. ఈ నెలాఖరుకు నీళ్లు తాగేటట్టు చేస్తే బావి జోలికి రానని ఓబయ్య ఒప్పుకున్నాడు. చేయలేకపోతే మే ఒకటో తేదీ మట్టి బండ్లు వస్తాయి.

పత్తి దొరికింది, పన్నెండు బస్తాలు. కానీ ఆడవాళ్లు అడ్డం తిరిగారు. మొదట తిరిగింది రహమతే. "పురుగులు, మట్టి, ఆకు చెత్త, ఈటిని తాగే నీళ్లలో ఏస్తారా? ఎవురు తాగుతారు ఆ నీళ్లు?" అంటోంది. వాళ్ల మాటా నిజమే కదా. అందుకని నిన్ను అడుగుతున్నాను. ఈ పత్తిని శుభ్రం చేసే పద్ధతి ఏదైనా ఉందా? ఉంటే వివరంగా రాయి.

నువ్వు రావాల్సిన పని లేదు. పెళ్లిళ్ల రోజులు, నీకు పరుపుల పని చాలా ఉంటుంది. రాసి పంపితే చాలు, మిగతాది నేనూ సార్ చూసుకుంటాం. పని జరిగే రోజు పెద్దలు కూడా వస్తారు.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

నూర్

*

ఆళ్లగడ్డ,
6-4-1979

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. నేను రావాల్సిన పని లేదన్నావు, అదీ సంతోషమే. పెద్దలు వచ్చే చోట నాలాంటి వాడు దుమ్ము కొట్టుకుని నిలబడితే ఫోటో బాగుండదు.

శుభ్రం చేసే పద్ధతి రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. పెద్ద గిన్నెల్లో నీళ్లు మరిగించి బట్టల సోడా వేయి. పత్తిని అందులో ఒక పూట బాగా ఉడికించు. నాలుగు నీళ్లలో జాడించి ఎండబెట్టు. తర్వాత విల్లుతో మెత్తగా ఏకు. తెల్లగా మల్లెపూవులా వస్తుంది. అప్పుడు ఆడవాళ్లకు చూపించు, ఎవరూ ఏమీ అనరు. అదంతా ఒక్కసారే బావిలో వేయి.

ఇంకో మాట. సీసాలోనో తొట్టిలోనో కొంచెం వేసి చూస్తే సరిగా తెలియదు. చేతెడు దూది గుణం వేరు, బస్తాల దూది గుణం వేరు. నేరుగా బావిలోనే వేయండి.

అంతా శుభంగా జరగాలి. మీ సార్‌కు నా నమస్కారాలు. ఈసారి కోటు మరిచిపోకు.

నీ మంచి కోరే అన్న
లాల్ సాహెబ్

*

నంద్యాల,
19-4-1979

అన్నకు సలాం చేసి నూర్ రాస్తున్నాను.

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. పని చెడిపోయింది.

వీధిలో ఆడవాళ్లంతా కలిసి మూడు రోజులు పత్తి ఉడికించారు. పెళ్లి వంటలకు వాడే గిన్నెలు తెచ్చి, జొన్న చొప్ప మంట పెట్టి, సోడా ఆవిరికి కళ్లు మండుతున్నా వదల్లేదు. ఇక్కడి దూదేకుల వాళ్లను విల్లు అడిగి తెచ్చి నేనే ఏకాను. పెద్ద బడికి పోయినప్పటినుంచి పట్టలేదు గానీ చేతులు మరిచిపోలేదు అన్నా. మిద్దెలన్నీ తెల్లగా దూదితో నిండిపోయాయి. రహమత్ పట్టి చూసి "ఇదయితే ఏసుకోండి" అంది.

నిన్న పొద్దున వేశాం. సార్ ఉన్నాడు, వీధంతా ఉంది, ఓబయ్య కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. దూది నీళ్లకు తగలగానే నీళ్లు తాగింది. చూస్తుండగానే కిందికి దిగిపోయింది. ఆయిలు పైన ఉన్నది ఉన్నట్టే ఉంది. కొంత ఆయిలు దూదితో పాటు అడుక్కు పోయింది. బొక్కెన వేస్తే నల్లటి దూది ముద్దలు వస్తున్నాయి. ఇప్పుడు కుళ్లు వాసన మొదలైంది.

ఓబయ్య నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "బాయికి మంచి పరుపు పరిస్తివి గదప్పా. ఇంక పైన మన్ను నేను కప్పుతా" అన్నాడు. సార్ సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఈ రోజు కాలేజీలో నాతో మాట్లాడలేదు. వీధిలో నడుస్తుంటే ఆడవాళ్లు బిందెలు ఇటునుంచి అటు మార్చుకుని మొహం తిప్పుకుంటున్నారు. వాళ్ల చేతులు ఇంకా సోడాకు పగిలే ఉన్నాయి.

తప్పు నాదే. ఎక్కువ ఉడికించానో, సరిగా ఏకలేదో. నువ్వు రాసింది రాసినట్టు చేశాననుకున్నాను, ఎక్కడో తప్పాను. ఎక్కడ తప్పానో నీకు తెలుస్తుంది. వెంటనే రాయి అన్నా. ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి.

నీ తమ్ముడు
నూర్

*

ఆళ్లగడ్డ,
25-4-1979

నూర్,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. రెండు మాట్లు రాసి చించేశాను. ఇది మూడోది. మీ వదిన పక్కన కూర్చుంది, దీన్ని చించనివ్వనంటోంది.

తప్పు నీది కాదు. నేను అబద్ధం రాశాను.

పత్తికి పుట్టుకతోనే ఒక జిడ్డు ఉంటుంది. ఆ జిడ్డు ఉన్నంతసేపు నీళ్లు అంటవు, నూనె అంటుతుంది. సోడాలో ఉడికిస్తే జిడ్డు పోతుంది. అప్పుడది నీళ్లు తాగి మునుగుతుంది. తెలియక రాసింది కాదు, తెలిసే రాశాను. సీసాలో వేసి చూడొద్దని ఎందుకు రాశానంటే, చూస్తే నీకు తెలిసిపోతుందని. పెద్దల ముందు ఒక్కసారి నీ పని చెడిపోవాలని, "మా అన్న అయితే చేసేవాడు" అని నువ్వు నలుగురిలో అనాలని, నన్ను పిలవాలని. అంతకంటే ఏమీ ఆలోచించలేదు. రావాల్సిన పని లేదన్నావు చూడు, ఆ మాట దగ్గర నా బుద్ధి ఆగిపోయింది. ముప్పై ఇళ్ల నీళ్లు నాకు గుర్తు రాలేదు. రహమత్ బిందెలు గుర్తు రాలేదు.

ఉత్తరం పోస్టు డబ్బాలో వేసినప్పుడు చెయ్యి లోపలికి పెట్టి తీసుకుందామా అనుకున్నాను. చెయ్యి పట్టలేదు. పోస్టుమాస్టరును అడిగి ఉంటే ఇచ్చేవాడేమో. అడగలేదు.

నువ్వు తిట్టి ఉంటే నేను ఇంకా మొండికేసి ఉండేవాణ్ణి. తప్పు నాదే అని రాశావు. అది చదివి అంగడి మూసేశాను.

చేయాల్సింది ఇది. ముందు మునిగిన దూదినంతా గాలం కొక్కేలతో, దిగి చేతులతో, ఎట్లాగైనా తీసేయాలి. తర్వాత పచ్చి పత్తి, ఉడికించనిది, ఏకనిది, దుమ్ము మాత్రం దులిపి దోమతెరల్లో కుక్కి పైపైన లాగాలి. పిండాలి, మళ్లీ లాగాలి. తెర ఉంటే చెత్త నీళ్లలో కలవదని ఆడవాళ్లకు చెప్పు. నా దగ్గర తొమ్మిది బస్తాలు పచ్చి పత్తి ఉంది. రేపు ఇస్సాకు బస్సు పైన వేసి పంపుతున్నాను.

నేను కూడా రావాలనే ఉంది. నువ్వు రమ్మంటేనే వస్తాను. రావద్దంటే అదీ న్యాయమే.

లాల్

*

నంద్యాల,
1-5-1979

అన్నకు,

బస్తాలు వచ్చాయి. నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఈ రోజు పొద్దున్నే మట్టి బండ్లు వచ్చాయి.

మూడు బండ్ల మట్టి పడింది. నాలుగో బండికి రహమత్ పోయి బావి గట్టు మీద కూర్చుంది. తర్వాత ఇంకొకామె, తర్వాత వీధి ఆడవాళ్లంతా. "పోస్తే మా మింద పొయ్యి" అంది రహమత్. ఓబయ్య చాలాసేపు అరిచి, "తొవ్వుకుంటే తొవ్వుకోండి, వానలు వచ్చేదాంక సూస్తా" అని బండ్లు తిప్పుకుపోయాడు. లోపల ఇప్పుడు మట్టి, దూది, ఆయిలు, అన్నీ కలిసి ముద్దగా ఉన్నాయి. తవ్వాలి. తవ్వి, ఊట వచ్చాక, నీ పచ్చి పత్తి వేయాలి. ఎన్ని రోజులు పడుతుందో తెలియదు.

నీ ఉత్తరం గురించి రాస్తాను. నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. రహమత్‌కు చదివి వినిపించలేదు. సార్‌కు మాత్రం తప్పు నాదేనని చెప్పాను, ఎందుకంటే నిజంగానే నాది కూడా ఉంది.

సోడాలో ఉడికించిన దూది నీళ్లు తాగుతుందని నాకు తెలియదా అన్నా? నాయన ఆసుపత్రికి గాయాల దూది ఉడికించి ఇచ్చేటప్పుడు పొయ్యి ఊదింది నేనే. నువ్వు వద్దన్నా తొట్టిలో వేసి చూశాను కూడా. సార్ లేనప్పుడు, ఒక్కణ్ణే. మునిగింది. రెండోసారి వేశాను. మునిగింది. అయినా వీధంతా పొయ్యిలు పెట్టించాను.

ఎందుకో తెలుసా? నువ్వు రాశావు కాబట్టి. నన్ను బడికి పంపి నిన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు నాయన. అన్నేళ్లు రోజంతా ఇద్దరూ ఒకే గదిలో. నాకు చెప్పనిది, నీకు ఒక్కడికే చెప్పింది ఏదో ఉంటుందని చిన్నప్పటినుంచి నా అనుమానం. బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే మీరిద్దరూ మాటలు ఆపేసేవాళ్లు. నీ ఉత్తరం చూసి ఇదే అది అనుకున్నాను. ఉడికించిన దూదిని తేలించే కిటుకు నాయన నీకు చెప్పి పోయాడు, నాకు చెప్పలేదు అని. నా చేతిని నమ్మలేదు, తొట్టిని నమ్మలేదు. నువ్వు నన్ను చూసి కుళ్లుకున్నది ఈ రెండు నెలలు. నేను ఇరవై ఏళ్లు కుళ్లుకున్నాను.

ఇప్పుడు ఒకటే అడుగుతున్నాను. నాయన నీకు ఒక్కడికే చెప్పింది ఏదైనా ఉందా? ఉంటే రాయి. లేకపోతే లేదని రాయి.

నూర్

*

ఆళ్లగడ్డ,
4-5-1979

తమ్ముడా,

ఉంది.

పత్తి గురించి కాదు. పనిలో నాకు తెలిసిందంతా నీకూ తెలుసు. కిటుకులేమీ లేవు, ఉంటే నా దగ్గు ఇంత ఉండేది కాదు.

నాయన పోయే ఏడాది, నువ్వు పదో తరగతి పరీక్షలకు పోయిన రోజు, తన విల్లును నా పరం చేశాడు. నేను గర్వంగా తీసుకున్నాను. అప్పుడన్నాడు. "లాలూ, చెయ్యంటే నూర్‌ది రా. దూది వాని మాట ఇంటాది. నీ మాట ఇనదు. వాడు యాడికి పోయినా బతుకుతాడు, నువ్వు ఇది లేకుంటే బతకలేవు. అందుకే నీకిస్తాండా. వానికి చెప్పు, ఈ విల్లు వానిది, నీ కాడ పెట్టినానని."

చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. నువ్వు గుమ్మంలోకి వచ్చినప్పుడు మేం మాటలు ఆపేది ఎందుకంటే, ఆయన ఎప్పుడూ మాట్లాడేది నీ గురించే. విని విని నాకు ఒళ్లు మండేది.

రమ్మని నువ్వు రాయలేదు. అయినా ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. పార, గంపలు తెస్తున్నాను. విల్లు కూడా తెస్తున్నాను. బావిలోకి ముందు నేను దిగుతాను. ఆ విషయంలో నాతో పోట్లాడొద్దని రహమత్‌కు చెప్పు, మిగతా విషయాల్లో ఎంతైనా పోట్లాడమను.

లాల్